పట్టా లేని పక్షి పండితుడు సలీం అలీ



ప్రతి ఏటా మన సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, గుర్రం జాషువా గురించి మన సీనియర్లు రాసినవి చదువుకుంటూనే మేము ఇంతవాళ్ళమయ్యాం. ఈసారి మేము ఎంచుకున్న పేరు కొంచెం వేరు. ఆయన ఉద్యమాలు నడపలేదు. పక్షులను చూశాడు, లెక్కపెట్టాడు, రాసిపెట్టాడు. తొంభై ఏళ్ళ జీవితంలో ఎక్కువ భాగం ఆ పనిలోనే గడిపాడు. ఆయనే డాక్టర్ సలీం అలీ.

ఆయననే ఎందుకు ఎంచుకున్నామంటే రెండు కారణాలున్నాయి. మొదటిది, ఆయనకు పేరు తెచ్చిన పెద్ద సర్వేలలో మొట్టమొదటిది జరిగింది మన నేల మీదే, ఆనాటి హైదరాబాద్ సంస్థానంలో. రెండవది, యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణంతో ఆయనకు ఉద్యోగం దొరకలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాళ్ళం మేమే. పట్టా కోసం అమ్మానాన్నలు ఎంత కష్టపడ్డారో మాకు తెలుసు కాబట్టి, పట్టా లేని మనిషి ఒక శాస్త్రానికే పెద్దదిక్కు ఎలా అయ్యాడో తెలుసుకోవాలనిపించింది.

బాల్యం - ఒక పిచ్చుక కథ

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో పుట్టాడు. పిల్లలందరిలోకి చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి చనిపోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్తయ్య హమీదా బేగం ఆ పిల్లలను చేరదీసి పెంచారు. వాళ్ళకు సంతానం లేదు. తల్లిదండ్రులు లేని లోటు ఉన్నా, తిండికి, బట్టకు లోటు లేని ఇల్లు అది. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఆయన మనలాగా పేదరికంలో నుంచి వచ్చినవాడు కాదు. ఆయన పడిన కష్టాలు వేరే రకం.

మేనమామ మంచి వేటగాడు. ఆయనను చూసి పిల్లవాడికి కూడా పెద్ద వేటగాడు కావాలని ఉండేది. బొమ్మ ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టేవాడు. ఒకరోజు కొట్టిన పిచ్చుకకు గొంతు కింద పసుపు మచ్చ ఉంది. ఇంటి చూరులో తిరిగే పిచ్చుకలకు అలాంటి మచ్చ ఉండదు. ఇదేమి పక్షి అని మామను అడిగితే ఆయనకూ తెలియలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ అనే సంస్థలో కార్యదర్శిగా ఉన్న మిల్లార్డ్ దొర దగ్గరికి చీటీ ఇచ్చి పంపాడు. ఆ సొసైటీ 1883లో మొదలైంది. దేశంలోని జంతువులు, పక్షులు, మొక్కల గురించి సమాచారం పోగుచేయడం దాని పని.

ఆ కాలంలో ఒక పదేళ్ళ దేశీయ పిల్లవాడు తెల్లదొర ఆఫీసులోకి వెళ్ళడం చిన్న సంగతి కాదు. అయినా మిల్లార్డ్ విసుక్కోలేదు. ఆ పక్షి పేరు చెప్పాడు. అల్మారాలు తెరిచి, దూది నింపి దాచిన వందలాది పక్షులను చూపించాడు. చదవడానికి పుస్తకాలు ఇచ్చాడు. పక్షి చర్మాన్ని పాడవకుండా ఎలా తీయాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ఒక పెద్దమనిషి ఓపికగా జవాబు చెప్పినందువల్ల దేశానికి ఒక శాస్త్రవేత్త దొరికాడు. రేపు మనలో ఎందరో టీచర్లు అవుతారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చదువులో తడబాటు, ఉద్యోగంలో నిరాశ

సలీం అలీ చదువులో చురుకైనవాడేమీ కాదు. తలనొప్పి జబ్బుతో బడి మానవలసి వచ్చేది. 1913లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. కాలేజీలో చేరాడు గాని మొదటి ఏడాదిలోనే లెక్కలు, లాగరిథమ్‌లు భారమై చదువు ఆపేశాడు. బర్మాలోని తవోయ్ ప్రాంతంలో కుటుంబానికి వోల్‌ఫ్రామ్ గనులు, కలప వ్యాపారం ఉండేవి. వాటిని చూసుకోవడానికి వెళ్ళాడు. వ్యాపారం కన్నా అక్కడి అడవులే ఆయనను ఎక్కువ ఆకర్షించాయి.

1917లో బొంబాయి తిరిగి వచ్చాక ఒకవైపు వాణిజ్యం, అకౌంటెన్సీ నేర్చుకుంటూ, మరోవైపు సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం తరగతులకు వెళ్ళాడు. ఫాదర్ బ్లాటర్ అనే మొక్కల శాస్త్రవేత్త ఆయనలోని ఆసక్తి గమనించి ఆ దారి చూపించాడు. జంతుశాస్త్రం కోర్సు పూర్తయింది గాని బి.ఎస్‌సి. అనే అక్షరాలు మాత్రం పేరు పక్కన చేరలేదు. 1918 డిసెంబర్‌లో తెహ్మీనా బేగంతో పెళ్ళయింది. కొన్నాళ్ళకు బర్మా వ్యాపారం దెబ్బతింది.

జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఉంటే ప్రయత్నించాడు. యూనివర్సిటీ డిగ్రీ లేదు కనుక అది రాలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల జీతంతో కుదిరాడు. వచ్చిన పిల్లలకు, పెద్దలకు మ్యూజియంలోని జంతువుల గురించి వివరించి చెప్పడం ఆ ఉద్యోగం. రెండేళ్ళు చేశాక తనకు తెలిసింది చాలదనిపించింది. సెలవు పెట్టి జర్మనీ వెళ్ళాడు. బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పండితుని దగ్గర శిక్షణ పొందాడు. చచ్చిన పక్షి ఈకలు చూసి పేరు పెట్టడం ఒక్కటే శాస్త్రం కాదని, బతికిన పక్షి ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది, ఎప్పుడు గూడు కడుతుంది అన్నది కూడా శాస్త్రమేనని అక్కడ గట్టిపడింది.

1930లో తిరిగివచ్చేసరికి ఉన్న ఉద్యోగం కూడా పోయింది. డబ్బు లేదని మ్యూజియం వాళ్ళు ఆ పోస్టునే తీసేశారు. అప్పుడాయనకు ముప్పై మూడేళ్ళు. చేతిలో జర్మనీ శిక్షణ ఉంది, ఉద్యోగం లేదు. నగరంలో అద్దె కట్టి బతకడం కష్టమై, భార్యాభర్తలిద్దరూ సముద్రం అవతల కిహీం అనే పల్లెకు మారారు.

గిజిగాడి దగ్గర పాఠం

మనలో చాలామంది ఆ పరిస్థితిలో అప్లికేషన్లు రాస్తూ, దిగులుపడుతూ కూర్చుంటాం. సలీం అలీ ఇంటి పక్కన చెట్టు మీద గూళ్ళు కడుతున్న గిజిగాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. ఊరికే చూడలేదు. నెలల తరబడి రోజూ గంటలకొద్దీ చూసి ప్రతిదీ రాశాడు.

గిజిగాడి గూడు మనకు కొత్త కాదు. మన జాషువా గారు గిజిగాడి మీద పద్యాలు రాశారు, మనం బడిలో చదువుకున్నాం. బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు, ఈత చెట్లకు ఆ గూళ్ళు వేలాడడం చూశాం. కాని ఆ గూటి వెనక సంసారం ఎలాంటిదో సలీం అలీ రాసేదాకా లోకానికి సరిగా తెలియదు. గూడు కట్టేది మగపక్షి. సగం కట్టాక ఆడపక్షులు వచ్చి పరీక్షిస్తాయి. నచ్చితే ఒక ఆడపక్షి ఆ గూటిలో స్థిరపడుతుంది. అప్పుడు మగపక్షి మిగతా గూడు పూర్తిచేసి, పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షి కోసం చూస్తుంది. గుడ్లు పొదగడం తల్లి పనే. ఈ సంగతులను తేదీలతో సహా రాసి ప్రచురించేసరికి ఆయన పేరు దేశాలు దాటింది. దానికి ఆయనకు పెట్టుబడి ఒక నోటుపుస్తకం, ఓపిక.

హైదరాబాద్ సంస్థానం సర్వే

ఇక మన కథలో ముఖ్యమైన భాగం. ఆ రోజుల్లో బ్రిటిష్ పాలనలో ఉన్న ప్రాంతాల పక్షుల గురించి తెల్ల అధికారులు కొంత రాసి పెట్టారు. సంస్థానాలలో మాత్రం చాలా వరకు ఎవరూ చూడలేదు. వాటిలో పెద్ద సంస్థానాల్లో ఒకటి నిజాం ఏలుబడిలోని హైదరాబాద్. మన తెలంగాణ జిల్లాలు, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిపి దాదాపు 82 వేల చదరపు మైళ్ళు. పక్షుల మ్యాపులో అది ఖాళీ జాగా.

సలీం అలీ సొసైటీ ద్వారా ఒక ప్రతిపాదన పెట్టాడు. తనకు జీతం వద్దు. తిరగడానికి, గుడారాలకు అయ్యే ఖర్చు సంస్థానం పెట్టుకుంటే చాలు, పక్షుల సర్వే చేసి ఇస్తానన్నాడు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో సర్వే జరిగింది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేనప్పుడు ఆయన తన పనిని తానే తయారుచేసుకున్నాడు. జీతం లేకుండా పనిచేయడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. వెనక కొంత ఆసరా ఉన్నవాళ్ళకే అది కుదురుతుంది. అయితే ఆసరా ఉన్నవాళ్ళు ఆ కాలంలో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ అడవిలో గుడారం వేసుకోలేదన్నది కూడా నిజమే.

సర్వే అంటే ఏమిటో తమ్ముళ్ళకు కొంచెం వివరంగా చెప్పాలి. ఒకచోట కూర్చుని చేసేది కాదు. దట్టమైన అడవి, ముళ్ళపొదలు, రాతిగుట్టలు, చెరువులు, పొలాలు, నది ఒడ్డు ఇలా నేల ఎన్ని రకాలుగా ఉంటే అన్ని చోట్లా మకాం వేయాలి. రోడ్లు తక్కువ, సామాను ఎడ్లబండ్ల మీద సాగాలి. తెల్లవారకముందే లేచి నడవాలి. కనిపించిన ప్రతి పక్షిని, దాని కూతను, అది తినేదాన్ని, వాలిన చెట్టును రాసుకోవాలి.

ఆ కాలం పద్ధతిలో నమూనాల కోసం కొన్ని పక్షులను తుపాకితో కొట్టేవారు కూడా. ఇప్పుడు మనకు అది బాధగానే ఉంటుంది. అప్పటికి మంచి బైనాక్యులర్లు, కెమెరాలు అందరికీ లేవు. దూరం నుంచి చూసి చెప్పిన మాటను శాస్త్రవేత్తలు నమ్మేవారు కాదు. కొట్టిన పక్షి కంటి రంగు, ముక్కు రంగు, కాళ్ళ రంగు కాసేపట్లో మారిపోతాయి కాబట్టి వెంటనే రాయాలి. చర్మం ఒలిచి, పురుగు పట్టకుండా మందు రాసి, దూది నింపాలి. లోపలి అవయవాలు చూసి అది మగదా, ఆడదా, గుడ్లు పెట్టే కాలమా అన్నది తేల్చాలి. పొట్టలో ఏముందో చూడాలి. చివరికి కాలికి ఒక చీటీ కట్టాలి. చీటీలో ఊరు, తేదీ, కొట్టినవారి పేరు ఉండాలి. చీటీ లేని పక్షి శాస్త్రానికి పనికిరాదు. ఎంత అందమైన పక్షి అయినా, ఎక్కడిదో ఎప్పటిదో తెలియకపోతే అది ఉత్త బొమ్మే.

అలా తిరిగిన చోట్లలో మన నల్లమల అడవిలోని మన్ననూరు, ఫరహాబాద్ ఉన్నాయి. ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంటున్నది ఆ ప్రాంతమే. తరతరాలుగా చెంచులు బతుకుతున్న అడవి అది. ఏ లోయలో నీళ్ళున్నాయి, ఏ చెట్టు పండినప్పుడు ఏ పిట్ట వస్తుంది అన్నది అలాంటి అడవుల్లో అక్కడి మనుషులకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. దారి చూపినవాళ్ళు, బండి తోలినవాళ్ళు, వంట చేసినవాళ్ళు లేకుండా ఏ సర్వే జరగదు. పుస్తకం మీద వాళ్ళ పేర్లు ఉండవు. ఈ వ్యాసం రాస్తూ మేము వాళ్ళను కూడా తలుచుకుంటున్నాం.

మకాంలలో ఆయన వెంట భార్య తెహ్మీనా ఉండేది. ఇంగ్లండులో చదువుకున్న ఆమె సుఖమైన ఇల్లు వదిలి గుడారంలో సంసారం నడిపింది. మకాం లెక్కలు, ఏర్పాట్లు చూసుకునేది. భర్త రాసిన ఇంగ్లీషును దిద్దేది. సలీం అలీ ఇంగ్లీషు రచన అంత హాయిగా చదివించడంలో ఆమె చేయి ఉంది.

తప్పు దిద్దిన చోట స్నేహం

సర్వేలో పోగైన పక్షులను పోల్చి చూసి వ్యాఖ్యానాలు రాసింది హ్యూ విస్లర్. పంజాబ్‌లో పోలీసు అధికారిగా పనిచేసి ఇంగ్లండు వెళ్ళిన పక్షి పండితుడు ఆయన. వీళ్ళిద్దరి పరిచయం గొడవతో మొదలైంది. ఏట్రింత జాతిలో తోక నుంచి రెండు పొడుగాటి తీగలు వేలాడే పక్షి ఒకటుంది. ఆ తీగ చివరన ఈక ఒకవైపే ఉంటుందని విస్లర్ పుస్తకంలో ఉంది. అది పొరపాటని, మధ్య ఈనె మెలితిరగడం వల్ల అలా కనిపిస్తుందని సలీం అలీ సొసైటీ పత్రికలో రాశాడు. ఎవరో పేరు తెలియని భారతీయుడు తన తప్పు పట్టడమా అని విస్లర్‌కు కోపం వచ్చి సంపాదకులకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. తర్వాత తన దగ్గరున్న పక్షులను మళ్ళీ తీసి చూసుకున్నాడు. సలీం అలీ రాసిందే నిజం. తప్పు ఒప్పుకొని, జీవితాంతం స్నేహితుడయ్యాడు.

పరాయి పాలన ఉన్న కాలంలో, పట్టా లేని ఒక భారతీయుడు పేరున్న ఇంగ్లీషు పండితుని దిద్దగలిగాడంటే దానికి బలం ఎక్కడిది? ఆయన చేతిలో పక్షి ఉంది, కళ్ళతో చూసిన సంగతి ఉంది. ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా ఆ రెండింటి ముందు తగ్గవలసి వచ్చింది.

హైదరాబాద్ సర్వే నివేదిక 1933, 1934 సంవత్సరాల్లో సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాల సర్వేలు చేశాడు. దేశం నలుమూలలా తిరిగాడు. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత రక్తం విషమై తెహ్మీనా చనిపోయింది. ఆయన చాలాకాలం కోలుకోలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంట్లో ఉంటూ పనిలోనే మిగతా జీవితం గడిపాడు.

పుస్తకాలు, గౌరవాలు

1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. బొమ్మలతో, తేలిక మాటలతో మామూలు మనిషి పక్షిని గుర్తుపట్టేలా రాసిన పుస్తకం అది. నెహ్రూ జైలులో ఉండగా ఆ పుస్తకాన్నే కూతురు ఇందిరకు కానుకగా పంపాడు. స్వాతంత్ర్యం వచ్చాక సొసైటీ డబ్బు లేక మూతపడే స్థితికి వస్తే, సలీం అలీ నెహ్రూకు రాసి సాయం సంపాదించాడు. అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి 1968 నుంచి 1974 వరకు పది సంపుటాల మహాగ్రంథం వెలువరించాడు. భారత ఉపఖండంలోని పన్నెండు వందలకు పైగా పక్షుల వివరాలు అందులో ఉన్నాయి. పక్షులకు వివిధ భాషలలో పిలిచే పేర్లు కూడా ఇచ్చాడు, వాటిలో తెలుగు పేర్లున్నాయి.

భరత్‌పూర్ చిత్తడి నేల, కేరళలోని సైలెంట్ వ్యాలీ నిలబడడంలో ఆయన మాట పనిచేసింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. పాల్ గెట్టీ బహుమతి కింద వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చేశాడు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. డిగ్రీ లేదని ఒకప్పుడు ఉద్యోగం దొరకని మనిషికి మూడు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్ ఇచ్చాయి. 1958లో అలీగఢ్, 1973లో ఢిల్లీ, 1978లో మన ఆంధ్రా యూనివర్సిటీ.

జాతీయ పక్షిని ఎన్నుకునేటప్పుడు ఆయన నెమలిని కాక బట్టమేక పిట్టను ఎన్నుకోవాలని కోరుకున్నాడు. నెమలిని అందరూ కాపాడుకుంటారు, బట్టమేకకు ఎవరూ లేరన్నది ఆయన ఆలోచన. 1963లో నెమలి జాతీయ పక్షి అయింది. బట్టమేక ఇప్పుడు దేశం మొత్తంలో రెండు వందల లోపే మిగిలిందని అంచనా.

కలివికోడి కబురు

ఆయన చివరి రోజుల్లో మన తెలుగునేల నుంచి ఒక మంచి కబురు అందింది. కడప, నెల్లూరు కొండల ముళ్ళపొదల్లో ఉండే కలివికోడి 1848లో శాస్త్రానికి పరిచయమైంది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. సలీం అలీ దాని మీద ఆశ వదులుకోలేదు. సొసైటీ మనుషులు బొమ్మలు పట్టుకొని కడప జిల్లా పల్లెల్లో అడుగుతూ తిరిగారు. చివరికి 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు దాన్ని పట్టి చూపించాడు. ఎనభై ఆరేళ్ళు శాస్త్రవేత్తలకు దొరకని పక్షి బడికి వెళ్ళని మనిషికి తెలుసు. అతని మాట కాగితం మీదికి ఎక్కాక దాని కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, ఆ పొదలు పోకుండా తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఆ తర్వాత మళ్ళీ అది అరుదైపోయింది, అది వేరే బాధ.

కలివికోడి దొరికిన మరుసటి ఏడాది, 1987 జూన్ 20న సలీం అలీ బొంబాయిలో కన్నుమూశాడు. 1990లో ఆయన పేరు మీద కోయంబత్తూరులో పక్షి పరిశోధన కేంద్రం ఏర్పడింది.

మనకేమి సంబంధం?

ఈ పిట్టల లెక్క మన కడుపు నింపుతుందా అని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి రాబందుల సంగతి చెబుతాం.

మా తాతల కాలంలో ఊరి బయట పశువు చనిపోతే రాబందులు దిగేవి. చర్మం ఒలిచే పని ఏ వాడకు అంటగట్టారో, ఆ రాబందులతో ఎవరు పక్కపక్కన పనిచేశారో మనలో చాలామందికి చెప్పనక్కర్లేదు. మా తరం పిల్లలు ఊళ్ళో రాబందును చూడలేదు. పశువులకు నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా వాటి మూత్రపిండాలను పాడుచేసిందని 2004 నాటికి తేలింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. కొన్ని జాతులు అప్పటికే నూటికి తొంభై అయిదు వంతులకు పైగా పోయాయి. ఇంతకు ముందు ఎక్కడ ఎన్ని ఉండేవో ఎవరో రాసి పెట్టబట్టే ఎంత పోయిందో తెలిసింది, కారణం వెతకగలిగారు. 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్ళు కనబడినప్పుడు అది ఎంత విలువైన సంగతో అర్థమైంది.

మన నల్లగండ్ల సంగతి చూడండి. చుట్టూ అపార్టుమెంట్లు, ఐటీ కంపెనీలు. వాటి మధ్య చెరువు, పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ రాతిగుట్టలు, పొదలు. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టడం మొదలైనప్పుడు అందరి ముందుకూ వచ్చిన ప్రశ్న ఒకటే. అక్కడ అసలు ఏముంది? ఖాళీ బంజరు అన్నవాళ్ళున్నారు. కాదని చెప్పడానికి పనికొచ్చినవి అంతకు ముందు ఏళ్ళ తరబడి విద్యార్థులు, పక్షి ప్రేమికులు రాసుకున్న జాబితాలు. ఆ కంచలోనే దొరికి, హైదరాబాద్ పేరుతో 2010లో శాస్త్రానికి పరిచయమైన సాలీడు కూడా ఉంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. భూమి ఎవరిదన్న వాదన ఎటు పోయినా, అక్కడ ఏముందో రాసిపెట్టినవాళ్ళ మాటకు విలువ వచ్చింది. రాయని చోట అడిగే హక్కు కూడా మిగలదు.

మేము కొందరం ఈ చలికాలం ఆదివారాలు పొద్దున్నే చెరువు గట్టుకు వెళ్ళి ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాం. బైనాక్యులర్ లేదు. బుడుబుంగ, నీటికోడి, తీతువు, లకుముకి పిట్ట, జెముడుకాకి, పాలపిట్ట ఇవి కంటికే తెలుస్తాయి. పేరు తెలియని పిట్ట కనబడితే ఇంటికి ఫోన్ చేసి దాని రంగు, నడక, కూత చెబుతాం. అటునుంచి అమ్మో, తాతో పేరు చెబుతారు. పొలం గట్ల మీద బతికిన వాళ్ళకు కౌజుకూ, కంజుకూ తేడా పుస్తకం చూడకుండా తెలుసు. మనం పట్టా తెచ్చుకున్న మొదటి తరం అయితే, ఆ పేర్లు నోటికి వచ్చిన చివరి తరం వాళ్ళు. వాళ్ళకు తెలిసింది మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

తమ్ముళ్ళారా, సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఒక చిన్న పని చేయండి. పది రూపాయల నోటుపుస్తకం తీసుకొని తేదీ, సమయం, చోటు, పక్షి పేరు, ఎన్ని ఉన్నాయి, ఏమి చేస్తున్నాయి అని ఆరు గడులు గీయండి. ఇంగ్లీషు పేరు తెలియకపోయినా ఫరవాలేదు, మీ ఊళ్ళో పిలిచే పేరే రాయండి. చెప్పినవారి పేరు కూడా పక్కన రాయండి. తిరిగి వచ్చాక అన్ని ఊళ్ళ పుస్తకాలు ఒకచోట పెడదాం. వచ్చే ఏటి సంచికలో మన ఊళ్ళ పక్షుల జాబితా అచ్చు వేద్దాం. ఈసారి చెప్పినవాళ్ళ పేర్లు, దారి చూపినవాళ్ళ పేర్లు అన్నీ అందులో ఉండాలి.

సలీం అలీ ఆశయానికి మేము చేయగలిగిన నివాళి ఇదే.